గోడ మీద జబ్బు నంబర్లు

ఆదివారం ఉదయం రూప వేసుకున్న ప్లాను నిజానికి చాలా చిన్నది. చద్దన్నం తిని, ఇంటి చుట్టుపక్కల ఓ పదిమందిని పలకరించి, ఎవరికి ఏ బాధ ఉందో అడిగి తెలుసుకుని, ఎండెక్కేలోగా ఇంటికొచ్చి పుస్తకం ముందేసుకుని కూర్చోవాలి. అంతే. దీనివల్ల సోమవారం పొద్దునకల్లా అక్కుపల్లికి ఆటోలు రావడం ఆగిపోతుందని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. పాపం, చెప్పడానికి మాత్రం ఎవరికి తెలుసు!

రూప పలాసలో బియస్సీ పాసయింది. అక్కుపల్లిలో సముద్రం మీద చేపల వేటకు వెళ్లే ఇళ్లల్లో అంతవరకూ చదివిన ఆడపిల్ల అప్పటికి ఆమె ఒక్కతే. చదివింది గానీ, తరవాత ఏం చెయ్యాలో తెలియక కొన్నాళ్లు ఇంట్లో కూర్చుంది. సరిగ్గా అప్పుడే, అంటే రెండువేల ఆరులో, కాశీబుగ్గలో ఓ జీడిపప్పు కొట్టు మేడమీద 'మెడికల్ కోడింగ్ శిక్షణ' అని బోర్డు కట్టారు. మాస్టారి పేరు జనార్దనరావు. హైదరాబాదులో ఈ పనే చేసి, అక్కడి నీళ్లు పడక సొంతూరు వచ్చేసిన మనిషి.

ఆ పనేమిటంటే, అమెరికా ఆసుపత్రుల్లో డాక్టర్లు రోగుల గురించి రాసినదంతా కంప్యూటర్లలో మన దేశానికొస్తుంది. ఇక్కడివాళ్లు కూర్చుని అది చదివి, ఒక్కో జబ్బుకీ లావుపాటి పుస్తకంలో ఉన్న నంబరు వెతికి వెయ్యాలి. తలనొప్పికో నంబరు, దగ్గుకో నంబరు, తేలు కుడితే ఇంకో నంబరు. నంబరు సరిగ్గా పడితేనే అక్కడ ఇన్సూరెన్సు వాళ్లు బిల్లు కడతారు. మందివ్వడం, సూది వెయ్యడం ఇందులో ఉండవు. ఈ సంగతి రూప తన తల్లి దాలమ్మకి చాలాసార్లు చెప్పింది. దాలమ్మ చాలాసార్లు విని, ఊళ్లో మాత్రం కూతురి గురించి "మా గుంట మెడికల్ సదువుతన్నాది" అని చెప్పుకుంది.

ఇప్పుడు సోమవారం విశాఖపట్నం కంపెనీ నుంచి ఒకాయన కాశీబుగ్గ వచ్చి పరీక్ష పెడతాడట. నెగ్గినవాళ్లకి అక్కడికక్కడే ఉద్యోగం. నెగ్గకపోతే మంగళవారం నుంచి జీడిపప్పు ఫ్యాక్టరీకి రావాలని తల్లి ముందే మాట తీసుకుంది. దాలమ్మ ఆ ఫ్యాక్టరీలోనే జీడిపిక్కలు కొట్టి కొట్టి వేళ్లు నల్లబడిపోయిన మనిషి. ఆ పని తక్కువదని రూప ఎప్పుడూ అనుకోలేదు. కాకపోతే ఆ లావుపాటి పుస్తకం తెరిస్తే ఆమెకు ఆకలి కూడా గుర్తుండదు. ఒక జబ్బుకి సరైన నంబరు దొరికినప్పుడల్లా లోపల ఏదో పండగలాగ ఉంటుంది. ఆ పండగ మంగళవారంతో అయిపోకూడదని ఆమె దిగులు.

"బట్టీ పడితే రాదమ్మా. మనిషిని చూడు, మాట విను, నంబరు వెయ్యి. ఓ పదిమందికి వేస్తే చెయ్యి తిరుగుతుంది," అన్నాడు శనివారం నాడు జనార్దనరావు. ఆయన ఉద్దేశం మంచిదే. అక్కుపల్లి సంగతే ఆయనకు తెలియదు.

మొదటి మనిషి పక్కింటి బొడ్డమ్మ. అరుగుమీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

"మామ్మా, నీకేటి బాధ?" అని అడిగింది రూప.

"ఏటని సెప్పమంతావే అమ్మీ? లెగిత్తే మోకాలు, కూకుంటే మోకాలు. ఆ మోకాలు లేకపోతే నాను బాగానే ఉన్నాను."

రూప పుస్తకం తిరగేసింది. నొప్పి, కీలు, మోకాలు. "719.46! ఇది నీ మోకాలి నొప్పి నంబరు మామ్మా," అంది సంబరంగా.

బొడ్డమ్మ చాపిన కాళ్లు ముడుచుకుంది. "ఒలమ్మ! నాకు నంబరొచ్చినాదేటే? అలాగైతే గోడ మీద రాసీ."

"గోడ మీదెందుకే?"

"నంబరు గోడ మీద కాకపోతే మరెక్కడ రాత్తారే? రేపెవులైనా వచ్చి అడిగితే ఏటి సూపించమంతావు?"

బొడ్డమ్మని తప్పు పట్టడానికి లేదు. కొన్నేళ్ల కిందట పెద్ద తుపాను వచ్చి వెళ్లాక ఆఫీసర్లు జీపుల్లో వచ్చి ఇంటింటి గోడ మీదా సుద్దముక్కతో నంబర్లు వేశారు. నంబరున్న ఇంటికి బియ్యం వచ్చాయి, కిరసనాయిలు వచ్చింది, కప్పు మీద కప్పుకోవడానికి బరకాలు వచ్చాయి. ఆ పూట బొడ్డమ్మ కూతురింటికి వెళ్లి గోడకి నంబరు లేకుండా ఉండిపోయింది. ఆ ఏడు వానంతా ఇంట్లోనే కురిసింది. అందుకని అక్కుపల్లిలో ఎవరైనా వచ్చి నంబరు ఇచ్చారంటే వెనకాల ఏదో వస్తుందనే లెక్క. ఇంతవరకూ ఆ లెక్క తప్పలేదు కూడా.

ఇవేవీ రూపకి తట్టలేదు. ముసలిది ముచ్చట పడుతోంది కదా అని సుద్దముక్క తెచ్చి గుమ్మం పక్కన పెద్ద అంకెలతో రాసింది. అది చూసి బొడ్డమ్మ కొడుకు యువరాజు లోపల్నించి పరిగెత్తుకొచ్చాడు. ఇరవై అయిదేళ్లవాడు, కొబ్బరిచెట్టుకి గుద్దుకున్నా చెట్టుకే దెబ్బ తగులుతుంది.

"అమ్మీ, నాకూ ఏసీ."

"నీకేటి జబ్బు?"

"ఏదో ఉండే ఉంటాది. బాగా సూడు."

రూప తల నుంచి కాళ్ల దాకా అడిగింది. వాడికి ఏ జబ్బూ లేదు. అలాంటివాళ్లకి కూడా పుస్తకంలో ఓ నంబరుంది: జబ్బుందేమోనని భయపడి వచ్చి, ఏమీ లేదని తేలిన మనిషి. రూప మెచ్చుకోలుగా నవ్వుకుని V65.5 అని రాసింది. తరవాత యువరాజు పెళ్లాం బేబి సిగ్గుపడుతూ వచ్చింది. ఆమెకి ఆరో నెల, తొలిచూలు. గర్భం జబ్బు కాదు కాబట్టి దానికీ పుస్తకంలో అంకె ముందు అక్షరమే: V22.0.

బొడ్డమ్మ మూడు నంబర్లనూ కాసేపు చూసింది. "ఆలిద్దరికీ ముందర ఇంగిలీసు అచ్చరం ఏసేవు. నాకేదే?"

"నీది నిజం జబ్బు మామ్మా. నిజం జబ్బులకి చాలావాటికి అక్షరం ఉండదు."

ఇది బొడ్డమ్మకి నచ్చలేదు. ఇంటికి పెద్ద తాను. నొప్పులు పడుతున్నది తాను. అక్షరాలు మాత్రం నిన్నగాక మొన్న పుట్టినవాళ్లకి.

వేట నుంచి వచ్చిన సన్యాసయ్య, అంటే రూప తండ్రి, వల భుజాన వేసుకునే వీధిలో నిలబడి ఈ వ్యవహారమంతా చూశాడు. "కన్నతండ్రిని నానుండగా పరాయోల గోడలకి ముందు ఏత్తావేటే?" అని రెండు చేతులూ చాపాడు. తెడ్డు వేసి, వలలు లాగి అరచేతుల నిండా కాయలు కాశాయి. కాయలకి పుస్తకంలో ఉన్న నంబరు 700.

"తరవాత?" అన్నాడు సన్యాసయ్య.

"తరవాతేటీ లేదు అయ్యా. అంతే."

"మూడంకెలేనా? ఆ ముసల్దానికి అయిదేసి, నాకు మూడా?"

దాలమ్మ అందుకుంది. "బైటోలకి ఎక్కువిచ్చి ఇంట్లోలకి తగ్గించడం దీనికి సిన్నప్పుట్నుంచీ అలవాటే కదేటి!"

అక్కడితో రూప చేతిలోంచి వ్యవహారం జారిపోయింది. మధ్యాహ్నానికి వీధిలో ఇంటింటికీ నంబరు పడింది. కొందరు తమకి ఏముందో చెప్పకుండా, "నీకు తోసింది ఏసీ తల్లీ, కొంచెం పెద్దది ఏసీ," అన్నారు. పీత కొరికిన వేలు వారం కిందటే మానిపోయిన ఒకాయన ఆ మచ్చని గోకి మళ్లీ ఎర్రగా చేసుకుని వచ్చాడు. ఒకావిడ మేకను తోలుకొచ్చి, మేక దగ్గుతోంది చూడమంది. రూప అందరికీ మొత్తుకుని చెప్పింది. ఇది ఉత్త పరీక్ష కోసం, బియ్యం లేవు, బరకాలు లేవు, మందులు కూడా లేవు.

"ఏ ఆపీసరైనా ముందర అలాగే సెప్తాడు," అంది బొడ్డమ్మ, తెలిసిన మనిషిలాగ. అందరూ అవునన్నారు.

సాయంత్రానికి పక్కూరు మంచినీళ్లపేట నుంచి కూడా జనం వచ్చారు. తోపులాట మొదలయ్యేసరికి ఊరి పెద్ద అప్పలసూరి రంగంలోకి దిగాడు. తెల్లటి మీసం, భుజమ్మీద తువ్వాలు, బరువైన మాట. ఒకప్పుడు ఏ కెరటానికైనా ఎదురెళ్లిన మొనగాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఇప్పుడు వేటకి వెళ్లడు గానీ, ఒడ్డునే నిలబడి ఎవరు ఎప్పుడు వెళ్లాలో, వచ్చిన చేప ఏ రేటుకి ఇవ్వాలో ఆయనే చెబుతాడు. ఆయన ఓ కేక వేసి ఆడవాళ్లని ఒక వరసలోనూ మగవాళ్లని ఒక వరసలోనూ కూర్చోబెట్టాడు. తన వంతు వచ్చినప్పుడు మాత్రం, "నాకు ఒంట్లో ఏటీ లేదు," అని పక్కకి తప్పుకున్నాడు.

జనం పలచబడ్డాక ఆయన రూపని ఒడ్డున బోర్లించిన పడవ చాటుకి పిలిచాడు. అటూ ఇటూ చూసి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని అడిగాడు.

"అమ్మీ, సముద్రం మీదికి ఎల్తే కడుపులో తిప్పి వాంతులైపోడానికి నంబరుందేటే నీ పుస్తకంలో?"

"ఉంది మావా. ఎవరికి?"

అప్పలసూరి తన గుండె మీదికే వేలు చూపించుకున్నాడు. 

రూప ఆయన్ని ఎగాదిగా చూసింది. ఊరి పెద్ద, బోటు యజమాని, కెరటాల మొనగాడు. "సిన్నప్పుట్నుంచీ ఇంతే," అన్నాడు ఆయన నీరసంగా. "ఓ రోజు వల సిరిగిందంటాను, ఓ రోజు బేరగాడొత్తాడంటాను, ఓ రోజు తగువు తీర్సాలంటాను. ఇలాగే ఎల్లదీసుకొచ్చేను. మీ అత్తకి కూడా తెల్దు. నంబరంటూ ఉంటే ఇది లోకంలో ఇంకెవులికో కూడా ఉన్నట్టే కదేటి?"

"ఉన్నట్టే మావా. చాలామందికి ఉంటాది," అని రూప మెల్లగా ఆయన చెవిలో చెప్పింది: 994.6. తన ఒక్కడికే వచ్చిన అవమానం కాదని తెలిసి అప్పలసూరి కళ్లు తుడుచుకున్నాడు. "గోడ మీద మాత్రం ఒద్దు. మీ అమ్మకీ సెప్పకు," అన్నాడు. రూప సరేనంది. ఆ పెద్దమనిషిని చూస్తే ఆమెకి జాలేసింది.

సోమవారం పొద్దున్న రూప తలకి నూనె రాసుకుని, జడ వేసుకుని, హాల్ టికెట్టు లాంటిదేదీ లేకపోయినా రెండు పెన్నులు పెట్టుకుని వీధిలోకి వచ్చింది. వచ్చి ఆగిపోయింది. ఊరి మొదట్నుంచి చివరి దాకా జనం. నిన్న నంబరు దొరకనివాళ్లు, దొరికినా చిన్నదని అలిగినవాళ్లు, అక్షరం కావాలన్నవాళ్లు. కాశీబుగ్గ ఆటో ఊరి బయటే నిలబడిపోయింది, దాని డ్రైవరు కూడా వరసలో ఉన్నాడు.

"నాకు పరీచ్చుంది! ఎల్లనీయండి!" అంది రూప.

"ఎల్దువులే తల్లీ. మా నలుగురికీ ఏసి ఎల్లిపో," అన్నారు. ఆ నలుగురి వెనకాల మరో నలుగురు.  ఏడిస్తే ఇంకా ఆలస్యమవుతుందని రూప ఏడవకుండా నంబర్లు వేస్తూనే ఉంది.

అక్కడ కాశీబుగ్గ మేడ మీద జనార్దనరావుకి చెమటలు పట్టాయి. వచ్చిన పరీక్షాధికారి ప్రేమ్ సాగర్ మెడకి టై, ముఖానికి నవ్వు లేని మనిషి. తక్కిన పిల్లలు నోరు తెరవగానే ఆయన పెదవి విరిచేశాడు. "మీరు గొప్పగా చెప్పిన అమ్మాయి ఏది?" అన్నాడు. జనార్దనరావు అక్కుపల్లి టెలిఫోను బూతుకి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ఎవరూ ఎత్తలేదు. బూతు ఆయన కూడా వరసలోనే ఉన్నాడు.

ఒక్క పిల్ల అయినా నెగ్గకపోతే తన శిక్షణకి రేపెవరూ రారని మాస్టారికి తెలుసు. "సార్, మీ రైలు సాయంత్రం కదా. అక్కుపల్లి ఇక్కడే. సముద్రపు గాలి. అప్పుడే పట్టిన రొయ్యల వేపుడు," అన్నాడు. ప్రేమ్ సాగర్ గాలి మాట దాకా తల అడ్డంగా ఊపాడు. రొయ్యల దగ్గర ఆగిపోయాడు.

కారు అక్కుపల్లి చేరేసరికి జనం లేచి నిలబడ్డారు. టై కట్టుకుని, చేతిలో బ్యాగు పట్టుకుని దిగిన మనిషిని చూశాక ఎవరికీ ఇంక అనుమానం లేదు.

"ఆపీసరొచ్చీసినాడు!" అని బొడ్డమ్మ అరిచిన అరుపుకి కాకులు లేచాయి. క్షణంలో కుర్చీ వచ్చింది, కొబ్బరిబొండం వచ్చింది. "మేం పరీక్షకి..." అని జనార్దనరావు ఏదో చెప్పబోతే, "నువ్వాగు బాబూ, పెద్దాయన్ని సూడనీ," అని ఆయన్ని పక్కకి నెట్టేశారు.

ప్రేమ్ సాగర్ కుర్చీలో కూర్చోలేదు. గోడల వంక చూస్తూ నిలబడిపోయాడు. పన్నెండేళ్లుగా అవే నంబర్లతో బతుకుతున్న మనిషికి అవి అంకెల్లా కనిపించలేదు. "ఇక్కడ నడుం నొప్పి. ఇక్కడ దగ్గు. ఈ ఇంట్లో... బట్టతలా?" అని తనలో తాను అనుకుంటూ వీధి వెంట నడిచాడు. బట్టతల ఆయన తల మీది తువ్వాలు గబుక్కున సర్దుకున్నాడు. నంబరు చూసి జబ్బు చెప్పేస్తున్నాడని జనం దణ్ణాలు పెట్టారు. ఇంతటి ఆఫీసరు తుపానప్పుడు కూడా రాలేదన్నారు.

"ఎవరు వేశారివి?" అన్నాడు.

జనంలోంచి రూపని ముందుకి తోశారు. చేతుల నిండా సుద్ద, జడ ఊడిపోయింది. "నేనే సార్. పరీక్షకి వద్దామనే అనుకున్నాను, వీళ్లు రానివ్వలేదు," అంది.

"పరీక్ష ఇక్కడే మొదలైంది," అని ఆయన గోడ గోడకీ ఆగి, ఆ ఇంటివాళ్లని బాధేమిటని అడిగి, నంబరు సరిపోల్చాడు. ఒక్కటీ తప్పలేదు. సన్యాసయ్య అరచేతులు చూసి, "700. కరెక్ట్," అన్నాడు. సన్యాసయ్య మూడంకెల మీద ఫిర్యాదు చేద్దామనుకున్నాడు గానీ కూతురి ముఖంలో వెలుగు చూసి నోరు మూసుకున్నాడు. అలా బొడ్డమ్మ ఇంటి దాకా వచ్చారు.

"ఇందులో మీ నంబరు ఏదమ్మా?"

బొడ్డమ్మ రాత్రంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చి ఉంది. తడుముకోకుండా V22.0 మీద చెయ్యి వేసింది. "ఇది నాది బాబూ."

ప్రేమ్ సాగర్ ఆ నంబరు చూశాడు. బొడ్డమ్మ నెరిసిన తల చూశాడు. మళ్లీ నంబరు చూశాడు. "ఎన్నో నెల?" అన్నాడు.

"ఏ నెల కోటా అయినా పర్నేదు బాబూ. బియ్యంలో పురుగు లేకపోతే సాలు."

ఆయన రూప వైపు తిరిగాడు. "ఇంత తప్పా? అరవై దాటిన మనిషికి గర్భమా?"

రూప ఇద్దరి మధ్యకీ వచ్చింది. "అది ఆమెది కాదు సార్! ఆమెది 719.46. మామ్మా, నిజం సెప్పవే, నీ కాలు పట్టుకుంటాను!"

"నాదే," అంది బొడ్డమ్మ మొండిగా. ఓసారి గోడ మీద నంబరు లేక వానలో తడిసిన మనిషి, ఈసారి అక్షరమున్న నంబరు వదులుకుంటుందా! ఆ సమయానికి లోపల్నించి బేబి పొట్ట మీద చెయ్యేసుకుని బయటికొచ్చింది. "అత్తా, అది కడుపుతో ఉన్నోలదంట. నాది," అంది నవ్వాపుకోలేక.

బొడ్డమ్మ చెయ్యి గోడ మీంచి దానంతటదే ఊడి వచ్చింది. "ఒలమ్మో! ఈ వయసులో నా పరువు!" అని ముఖం మీదికి చెంగు లాక్కుంది. వీధి వీధంతా పడీ పడీ నవ్వింది. యువరాజు అందరికన్నా గట్టిగా నవ్వాడు. వాడి నంబరుకి అర్థమేమిటో కూడా ప్రేమ్ సాగర్ చెప్పాక, జబ్బు లేకుండా భయపడినవాడని తెలిసి, వాడూ అదే చెంగు వెనకాల దూరాడు.

"నంబర్లన్నీ సరిగ్గా ఉన్నాయి," అన్నాడు ప్రేమ్ సాగర్. రూప గట్టిగా ఊపిరి పీల్చుకునేలోగా, "కానీ నిన్ను తీసుకోలేను," అన్నాడు.

జనార్దనరావు కొబ్బరిబొండం కింద పెట్టేశాడు.

"ఈ పనిలో మొదటి పాఠం ఏమిటి?"

"రోగి సంగతి బయటికి పోకూడదు సార్," అంది రూప.

"మరి ఇదేమిటి? వీధి మొదట్లో దిగిన మనిషిని, చివరికి వచ్చేసరికి ఎవరికి విరేచనాలో కూడా నాకు తెలిసిపోయింది. అమెరికాలో ఒక్క రోగి సంగతి ఇలా బయటపడితే కంపెనీ మూసుకోవాలి."

"మా జబ్బులు మాకు గుట్టేటి బాబూ?" అంది బొడ్డమ్మ చెంగు చాటు నుంచి. "నా మోకాలు సంగతి పలాస స్టేషన్లో కూడా తెలుసు."

"గోడ మీద రాయమన్నది మేవే బాబూ," అన్నారు నలుగురూ. ప్రేమ్ సాగర్ వినలేదు, బ్యాగు జిప్పు లాగాడు. రూపకి కళ్లనిండా నీళ్లు వచ్చేశాయి. ఇన్ని నంబర్లు సరిగ్గా వేసి కూడా రేపు పిక్కలు కొట్టడానికే వెళ్లాలి. ఈ ఊళ్లో పుట్టడమే తన తప్పా అనిపించింది. అలా అనిపించినందుకు మళ్లీ ఏడుపొచ్చింది.

కారు వైపు నడుస్తూ ప్రేమ్ సాగర్ ఆగాడు. "ఆ డాబాకి మాత్రం నంబరు లేదేం?"

అది అప్పలసూరి ఇల్లు. జనానికి కూడా నిన్నట్నుంచీ అదే బాధ. "మాకూ అదే తెలాల బాబూ! పెద్దమనిసికి పడవ సాటున ఏసింది. నాను సూసేను. ఎంతడిగినా సెప్పదు," అన్నాడు ఎవరో. అప్పలసూరి ముఖం మీసం కన్నా తెల్లబడింది.

"ఆయనకి ఏం నంబరు వేశావు?" అన్నాడు ప్రేమ్ సాగర్. రూప పుస్తకం మూసేసింది. "నేను పరీక్షాధికారిని. చెప్పు. అది కూడా సరిగ్గా ఉంటే, గోడల సంగతి మరచిపోతాను."

ఊరంతా మెడలు చాచింది. దాలమ్మ కూతుర్ని గిల్లింది. "సెప్పీయే! నోట్లో ముత్తేలున్నాయేటే?"

రూప అప్పలసూరి వంక చూసింది. వీధి మొత్తానికి కేకలేసే మనిషి, తువ్వాలు రెండు చేతుల్తోనూ పిండుతూ నేల చూపులు చూస్తున్నాడు. ఒక్క నంబరు చెబితే విశాఖపట్నం. చెబితే ఈయన రేపట్నించి ఈ ఒడ్డున తలెత్తుకోలేడు.

"చెప్పను సార్," అంది.

"ఉద్యోగం వద్దా?"

"కావాలి సార్. చాలా కావాలి. కానీ ఆ నంబరు ఆయనది. ఆయన గోడ మీద రాయొద్దన్నాడు. వీళ్లంతా రాయమన్నారు, రాశాను. అంతే తేడా."

"రేపు జీడి పేక్టరీకి పోతావేటే?" అంది దాలమ్మ ఏడుపు గొంతుతో.

"పోతానే అమ్మా."

 ప్రేమ్ సాగర్ బ్యాగు జిప్పు మళ్లీ వెనక్కి లాగి, కారు బోనెట్టు మీద కాగితం పెట్టి ఏదో రాసి ఆమె చేతికిచ్చాడు. "ఒకటో తారీకున విశాఖపట్నం వచ్చి చేరు. నంబర్లు నేర్పడానికి చాలామంది ఉన్నారు. ఇది నేర్పడం నావల్ల కాదు," అన్నాడు. "ఒక్క మాట గుర్తుంచుకో. ఆ పెద్దాయన నంబరు ఎప్పుడు బయటపెడితే అప్పుడే నీ ఉద్యోగం అయిపోయినట్టు." అని, జనార్దనరావు వైపు తిరిగి, "రొయ్యలు అన్నారు?" అన్నాడు.

దాలమ్మ కూతుర్ని పట్టుకుని భోరుమంది. సన్యాసయ్య కాయలు కాసిన చేతుల్తో ఆమె తలంతా నిమిరాడు. బియ్యం, బరకాలు ఇవాళ రావని తెలిసినా జనం పెద్దగా అలగలేదు. నంబర్లు మాత్రం ఎవరూ చెరపలేదు, ఎందుకైనా మంచిదని.

కథ ఇక్కడ అయిపోవాలి. కాకపోతే అక్కుపల్లి ఆలోచించడం మొదలుపెట్టింది. ఉద్యోగం పోయినా ఫరవాలేదు గానీ చెప్పనంది కదా, మరి ఆ జబ్బు ఎంత పెద్దదై ఉండాలి! రెండ్రోజులకి అప్పలసూరి ఇంటికి పరామర్శలు మొదలయ్యాయి. ఒకరు బ్రెడ్డు తెచ్చారు, ఒకరు హార్లిక్స్ తెచ్చారు. "బాగున్నావా మావా," అని అడిగి, జవాబు వినకుండానే కళ్లొత్తుకుని వెళ్లిపోయారు. ఆయన పెళ్లాం పసుపు కుంకాల కోసం మొక్కులు మొక్కింది. నాలుగో రోజుకి, పెద్దాయన ఉండగానే తరవాత పెద్ద ఎవరో అనుకుంటే మంచిదని మాట పుట్టింది. "మా యువరాజుకి ఏ జబ్బూ లేదని పట్నం ఆపీసరే సెప్పినాడు," అని బొడ్డమ్మ ఇంటింటికీ తిరిగి గుర్తు చేసింది.

రూప విశాఖపట్నం ప్రయాణానికి బట్టలు సర్దుకుంటుంటే అప్పలసూరి గుమ్మంలో నిలబడ్డాడు. నాలుగు రోజుల్లో చిక్కిపోయాడు.

"అమ్మీ, నీకు దండమెడతాను. నా నంబరు ఊరందరికీ సెప్పీయే."

"నేను సెప్పకూడదు మావా! ఉద్యోగం పోద్ది."

"జబ్బు నాది, సెప్పమంతన్నది నాను!"

"అయితే నువ్వే సెప్పుకో మావా. దానికి అడ్డేటీ లేదు."

"సెప్పేనే! పొద్దున్నుంచీ నలుగురికి సెప్పేను. ఒక్కడు నమ్మితే ఒట్టు. 'సముద్రం పడకపోడమేటి మావా నీకు, పెద్దది దాసీడానికి సిన్నది సెప్తన్నావు' అని ఆలే ఏడుత్తన్నారు," అని అప్పలసూరి గుమ్మంలో కూలబడ్డాడు.

రూపకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది గానీ, నోరు మాత్రం విప్పలేదు.

మర్నాడు తెల్లారాక అప్పలసూరి ఎవరు ఆపినా ఆగకుండా సన్యాసయ్య పడవెక్కి, మూడో కెరటం దాటగానే ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తుండగా వాంతి చేసుకుని పరువు నిలబెట్టుకున్నాడు.